డిస్క్ గోల్ఫ్ మొదలుపెడుతున్నారా? ముందు ఒక్క మంచి మిడ్‌రేంజ్ కొనుక్కోండి, ఎలా చూసి కొనాలో మొత్తం చెప్తాను

నేను ఉండేది నార్త్ కరోలినాలో, ర్యాలీ పక్కన. ఇక్కడ కెంట్‌వుడ్ పార్క్, సీడర్ హిల్స్ పార్క్ లాంటి చోట్ల డిస్క్ గోల్ఫ్ కోర్సులున్నాయి, చుట్టూ పైన్ చెట్లు, కింద మన ఊళ్ళో లాంటి ఎర్రమట్టి, టికెట్ లేదు ఏమీ లేదు, డిస్క్ పట్టుకుని వెళ్ళి ఆడుకోవడమే. టీ ప్యాడ్ దగ్గర నుంచి విసరాలి, గొలుసులు వేలాడే బాస్కెట్‌లో పడేదాకా ఎన్ని విసుర్లు పట్టాయో లెక్కపెట్టుకోవాలి, ఎంత తక్కువైతే అంత మంచిది, ఆటంతా అంతే. ఈమధ్య మన తెలుగువాళ్ళు కూడా ఒక్కొక్కరే వస్తున్నారు, వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే, "అన్నా, ఏ డిస్క్ కొనమంటావ్?"

నా జవాబు ఎప్పుడూ ఒకటే. డిస్కుల్లో మూడు రకాలు, దూరం పంపడానికి డ్రైవర్, బాస్కెట్‌లో వెయ్యడానికి పట్టర్, ఆ రెండింటికీ మధ్యది మిడ్‌రేంజ్. ఒక మిడ్‌రేంజ్ కొనండి, అది కూడా తిన్నగా వెళ్ళేది, ఒక రెండు నెలలు దాన్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకోకండి. కారణం ఏంటంటే మీ చెయ్యి చేసిన తప్పుని ఉన్నదున్నట్టు చూపించే డిస్క్ అదే. డ్రైవర్ అలా చూపించదు, మీరు బాగా విసిరినా ఎడమకే పోతుంది, చెడ్డగా విసిరినా ఎడమకే పోతుంది, ఇక మీకు ఏం తెలుస్తుంది? నేను మొదట కొన్నది స్పీడ్ 12 డ్రైవర్, నాలుగు నెలలు అది నాకు ఒక్క ముక్క నేర్పలేదు. మిడ్‌రేంజ్ చేతిలోకి వచ్చాక రెండు వారాల్లో నేను డిస్క్ ముక్కు, అంటే ముందుండే అంచు, పైకెత్తి విసురుతున్నానని అర్థమైంది.

చిన్నప్పుడు గోళీలాటలో ప్రతివాడికీ ఒక గోళీ ఉండేది కదా, ఎవరికీ ఇవ్వడు, దాంతోనే కొడతాడు. మీ మిడ్‌రేంజ్ అలాంటిది అవ్వాలి. అది దొరికే దారి ఇప్పుడు వరసగా చెప్తాను.

స్టెప్ 1: మీరు ఎంత దూరం విసురుతున్నారో కొలవండి

షాపుకి వెళ్ళేముందే ఇది చెయ్యాలి, దాదాపు ఎవరూ చెయ్యరు. స్నేహితుడి డిస్క్ ఏదైనా ఒకటి అడిగి తెచ్చుకుని ఖాళీ గ్రౌండ్‌కి వెళ్ళి పది సార్లు విసరండి, యూడిస్క్ యాప్‌లో విసురు దూరం కొలిచే సౌకర్యం ఉంది, లేదంటే అడుగులు వేసుకుంటూ లెక్కపెట్టండి. బాగా వెళ్ళిన ఒక్కటి కాదు, మధ్యలో ఉన్న నాలుగైదింటిని చూడండి, అదే మీ నిజమైన దూరం. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి 150 నుంచి 200 అడుగులు రావడం మామూలే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, స్టెప్ 3లో దీంతోనే పని.

స్టెప్ 2: డిస్క్ మీద ఉన్న నాలుగు అంకెలు చదవడం నేర్చుకోండి

ఇక్కడ కాస్త ఆగి నెమ్మదిగా చదవండి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

డిస్క్ మీదో, వెబ్‌సైట్‌లోనో నాలుగు అంకెలు ఉంటాయి. వరసగా స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. ఉదాహరణకి డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ళ బజ్ తీసుకోండి, 2003లో వచ్చింది, మిడ్‌రేంజ్ అనగానే ఎక్కువమంది నోట వచ్చే పేరు. దాని అంకెలు 5, 4, మైనస్ 1, 1.

స్పీడ్ అంటే అది ఎంత వేగంగా వెళ్తుందని కాదు, అది సరిగా ఎగరాలంటే మీరు ఎంత వేగంగా విసరాలి అని. అందరూ పొరపడేది ఇక్కడే. స్పీడ్ 12 డిస్క్ కొంటే మీ చెయ్యి స్పీడ్ పెరగదు, ఆ డిస్క్ మీ దగ్గర అంత వేగం అడుగుతుంది, మీరు ఇవ్వలేకపోతే తిక్కగా ఎడమకి పడిపోతుంది. మిడ్‌రేంజ్‌లు 4, 5 దగ్గర ఉంటాయి, ఆ వేగం మామూలు మనిషి ఇవ్వగలడు. గ్లైడ్ అంటే గాల్లో తేలుతూ ఉండే గుణం, 5 అంటే బాగా తేలుతుంది, 2 అంటే బరువుగా దిగిపోతుంది.

టర్న్, ఫేడ్ అర్థం కావాలంటే బొంగరాన్ని గుర్తుతెచ్చుకోండి. తాడు లాగి వదిలినప్పుడు గిర్రున తిరుగుతూ నిటారుగా నిలబడుతుంది, వేగం తగ్గేకొద్దీ తల ఊపుతూ ఒక పక్కకి వాలుతుంది. డిస్క్ కూడా తిరిగే వస్తువే కాబట్టి గాలి దాన్ని ఒకవైపు నెడితే అది ఆ వైపు ఒరగదు, ఆ వైపుకి తొంభై డిగ్రీల పక్కనున్న దిక్కుకి ఒరుగుతుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరారనుకోండి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది. మొదట్లో వేగం ఎక్కువ ఉన్నప్పుడు గాలి ముక్కుని కిందికి నొక్కాలని చూస్తుంది, డిస్క్ ఏమో కుడికి వాలుతుంది, అదే టర్న్. చివర్లో వేగం తగ్గాక గాలి ముక్కుని పైకి లేపాలని చూస్తుంది, డిస్క్ ఎడమకి వాలి దిగుతుంది, అదే ఫేడ్. టర్న్ మైనస్‌లో ఎంత ఎక్కువుంటే అంత కుడికి, ఫేడ్ అంకె ఎంత పెద్దదైతే చివర్లో అంత ఎడమకి. ఎడమచేతి వాళ్ళకీ, ఫోర్‌హ్యాండ్ విసిరేవాళ్ళకీ ఇదంతా తిరగేసి చదువుకోవాలి.

టర్న్ తక్కువ, ఫేడ్ ఎక్కువ ఉన్న డిస్క్‌ని ఓవర్‌స్టేబుల్ అంటారు, టర్న్ ఎక్కువున్నదాన్ని అండర్‌స్టేబుల్ అంటారు, మధ్యలో ఉన్నది స్టేబుల్ లేదా న్యూట్రల్. మనకి కావాల్సింది ఆ మధ్యది.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి, ఈ అంకెలు కొట్టేది ఎవరి కంపెనీ వాళ్ళే, అన్ని కంపెనీలకీ కలిపి ఒకే కొలబద్ద ఏం లేదు. పైగా ఆ అంకెలు కొంచెం గట్టి చెయ్యి ఉన్నవాళ్ళని బట్టి వేసినవి, చెయ్యి నెమ్మదిగా ఉంటే ప్రతి డిస్కూ రాసినదానికంటే ఓవర్‌స్టేబుల్‌గా పనిచేస్తుంది. టర్న్ మైనస్ 1 అని రాసుంది కానీ నాకు కుడికి అసలు తిరగట్లేదే అని డిస్క్‌ని తిట్టకండి, చేతిలో ఇంకా వేగం రాలేదంతే.

స్టెప్ 3: మీ చేతికి తగ్గ రకం ఎంచుకోండి

200 అడుగులు దాటనివాళ్ళు ఫేడ్ 0 లేదా 1, గ్లైడ్ 5 ఉన్నవి చూడండి. ఇన్నోవా వాళ్ళ మాకో3 అంకెలు 5, 5, 0, 0, అంటే ఎటు విసిరితే అటే పోయి అలాగే దిగుతుంది. లాటిట్యూడ్ 64 వాళ్ళ కంపస్ 5, 5, 0, 1, అదీ బాగుంటుంది. యాక్సియమ్ వాళ్ళ హెక్స్ 5, 5, మైనస్ 1, 1, ఇది నాకు చాలా ఇష్టం, బజ్ కంటే ఇంకాస్త తేలుతుంది.

200 నుంచి 275 మధ్య ఉన్నవాళ్ళు నన్నడిగితే ఇంకేం ఆలోచించకుండా బజ్ లేదా హెక్స్. ఈ రెండింట్లో ఏదైనా ఒకటి బ్యాగులో ఉంటే వంచి విసిరితే వంగుతుంది, తిన్నగా విసిరితే తిన్నగా పోతుంది, చెట్ల మధ్య సందులోంచి పంపాలంటే ఇంతకంటే నమ్మకమైనది నేను చూడలేదు.

మిడ్‌రేంజ్‌తోనే 300 అడుగులు పంపేవాళ్ళకి మాత్రం బజ్ కుడికి ఎక్కువ తిరిగిపోతుందని అనిపించొచ్చు. వాళ్ళు డిస్క్‌మేనియా ఎండీ3 చూడొచ్చు, 5, 5, 0, 2. లేదంటే ఇన్నోవా రాక్3, 5, 4, 0, 3. ఈ రాక్ కుటుంబానికి పెద్ద చరిత్ర ఉంది, మొదటి రాక్ 1987లో వచ్చింది, పన్నెండు సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెన్ క్లైమో పేరు మీద కేసీ ప్రో రాక్ అని కూడా వచ్చింది. అంత గొప్పవాడు విసిరాడు కదా అని కొత్తవాళ్ళు రాక్3తో మొదలుపెట్టొద్దు, ఫేడ్ 3 అంటే నెమ్మది చేతికి ప్రతి విసురూ ఎడమ పొదల్లోకే.

ఇంకో రకం ఉంది, డిస్క్‌క్రాఫ్ట్ మీటియార్, ఇన్నోవా స్టింగ్‌రే లాంటివి, టర్న్ మైనస్ 3 ఉంటుంది. మొదటి వారం ఇవి భలే అనిపిస్తాయి, ఎందుకంటే నెమ్మది చేతికి కూడా ఎడమకి పడకుండా దూరం పోతాయి. కానీ మూడు నెలల్లో మీ చెయ్యి పెరగగానే కుడికి తిరిగి నేలకి దిగిపోవడం మొదలవుతుంది, ఎదురుగాలి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పిల్లలకీ, బలం తక్కువ ఉన్న పెద్దవాళ్ళకీ అయితే ఇవి చాలా మంచివి, మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ చేతికి అలాంటిదే ఇచ్చాను, రెండో రోజుకే బాస్కెట్ దగ్గరదాకా తెచ్చేసింది.

డెన్వర్ వైపు ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 5,280 అడుగులు, గాలి పల్చన, కాబట్టి ఏ డిస్క్ అయినా ఇక్కడికంటే ఓవర్‌స్టేబుల్‌గా ఎగురుతుంది. నేను చెప్పినదానికంటే ఒక మెట్టు అండర్‌స్టేబుల్‌ది తీసుకోండి.

స్టెప్ 4: చేతిలో పట్టుకుని చూడండి

అంకెలు ఎంత నచ్చినా పట్టు కుదరకపోతే ఆ డిస్క్ మీది కాదు. ఆన్‌లైన్‌లో ఎంత చదివినా ఇది మాత్రం తెలియదు, అందుకే మొదటి డిస్క్‌ని షాపుకి వెళ్ళి కొనమంటాను, లేదా కోర్సులో ఆడుతున్నవాళ్ళని అడిగి ఒకసారి పట్టుకోండి, ఈ ఆట ఆడేవాళ్ళు మంచివాళ్ళు, అడిగితే ఒకటి రెండు విసుర్లు కూడా వెయ్యనిస్తారు.

ఏం చూడాలంటే, నాలుగు వేళ్ళూ కింద అంచు లోపలికి మడిచి, బొటనవేలు పైన పెట్టి గట్టిగా పట్టండి. వేళ్ళ చివర్లు అంచు లోపలి గోడకి ఆనాలి. లోతు ఎక్కువై వేళ్ళు ఇరుక్కున్నట్టున్నా, తక్కువై జారుతున్నట్టున్నా వద్దు. కొన్నిటికి అంచు అడుగున సన్నటి గట్టులాంటిది ఉంటుంది, స్టీలు పళ్ళెం అంచు మడిచినట్టు, దాన్ని బీడ్ అంటారు. కొందరికి అది పట్టు ఇస్తుంది, కొందరికి వేలికి తగిలి విసుగు పుట్టిస్తుంది. డిస్క్‌క్రాఫ్ట్‌లోనే బజ్‌కి అలాంటి బీడ్ ఉండదు, దాని అన్నలాంటి వాస్ప్‌కి ఉంటుంది, రెండూ పక్కపక్కన పట్టుకుని చూడండి, ఒక నిమిషంలో మీ చెయ్యే చెప్పేస్తుంది. నాకైతే బీడ్ లేనిదే కావాలి, చెయ్యి వదిలే క్షణంలో ఏదీ తగలకూడదు.

పట్టుకున్నాక షాపులో విసరలేరు కదా, మణికట్టు రెండు మూడు సార్లు ఆడించి చూడండి. అరచేతిలో చెమట ఎక్కువ పట్టేవాళ్ళైతే కాస్త చెమట ఉన్నప్పుడే పట్టుకుని చూడటం ఇంకా మంచిది, జూలైలో ఇక్కడ ఉక్కపోత విజయవాడని గుర్తుచేస్తుంది, ఏసీ షాపులో బాగున్న పట్టు బయట జారిపోవచ్చు.

స్టెప్ 5: ప్లాస్టిక్ ఏది

ఒకే డిస్క్ మూడు నాలుగు రకాల ప్లాస్టిక్‌లలో వస్తుంది, ధర తేడా కూడా దీనివల్లే. చవక రకం సుమారు 10 డాలర్లు, ఇన్నోవాలో దాన్ని డీఎక్స్ అంటారు, డిస్క్‌క్రాఫ్ట్‌లో ప్రో డీ. ఖరీదు రకం 18, 20 డాలర్ల దాకా ఉంటుంది, ఇన్నోవాలో ఛాంపియన్, స్టార్, డిస్క్‌క్రాఫ్ట్‌లో జెడ్, ఈఎస్‌పీ, యాక్సియమ్‌లో న్యూట్రాన్.

చవకది చేతికి బాగా అతుక్కుంటుంది, చలికాలంలోనూ పట్టు పోదు, కానీ నాలుగు చెట్లకి తగిలేసరికి అంచు చెక్కుకుపోతుంది. అరిగేకొద్దీ అండర్‌స్టేబుల్ అవుతూ పోతుంది. ఖరీదుది మన్నుతుంది, ఏడాది తర్వాత కూడా మొదటి రోజులాగే ఎగురుతుంది, మామూలుగా అదే డిస్క్ చవక రకం కంటే కొంచెం ఓవర్‌స్టేబుల్‌గా ఉంటుంది.

మాలాగా పైన్ చెట్ల మధ్య ఆడేవాళ్ళైతే ఖరీదు రకమే తీసుకోండి, ఇక్కడ రోజుకి పది చెట్లు కొడతాం, చవకది ఒక సీజన్ ఆగదు. చెట్లు లేని మైదానం కోర్సులైతే చవకది చాలా రోజులు వస్తుంది. అరిగిన డిస్క్‌ని మాత్రం పారెయ్యొద్దు! ఒకే డిస్క్ కొత్తది ఒకటి, సగం అరిగింది ఒకటి, బాగా అరిగింది ఒకటి బ్యాగులో పెట్టుకుంటే మూడూ మూడు రకాలుగా ఎగురుతాయి, చేతికి మాత్రం ఒకేలా ఉంటాయి. పాతకాలం ఆటగాళ్ళు రాక్‌లతో ఇలాగే ఆడేవాళ్ళు, నాకు ఇంతకంటే తెలివైన పద్ధతి కనబడలేదు.

స్టెప్ 6: బరువు

దీని గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోవద్దు. ఈ ఆటని నడిపే సంఘం పీడీజీఏ రూల్ ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకీ 8.3 గ్రాములకి మించకూడదు, ఎక్కువ మిడ్‌రేంజ్‌లు 21.7 సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి 180 గ్రాములు పై హద్దు. మగవాళ్ళు 172 నుంచి 178 మధ్యలో తీసుకుంటే సరిపోతుంది, చెయ్యి నెమ్మదైతే 165 దగ్గర చూడండి, పిల్లలకి 150. బరువున్నది గాలికి తట్టుకుంటుంది, తేలికది తక్కువ బలంతో తిరుగుతుంది కానీ గాలి వస్తే ఊగిపోతుంది. బరువు డిస్క్ అడుగున పెన్నుతో రాసో, స్టిక్కర్ అంటించో ఉంటుంది.

స్టెప్ 7: కొనేటప్పుడు

డిస్క్‌ని టేబుల్ మీద బోర్లా పెట్టి అంచు అంతటా ఆనుతోందో లేదో చూడండి, ఒక పక్క లేస్తే వంకర ఉన్నట్టు. పైభాగం కొన్నిటికి ఉబ్బుగా, కొన్నిటికి చదునుగా ఉంటుంది, ఒకే పేరున్న డిస్కుల్లో కూడా. ఉబ్బున్నది ఎక్కువ తేలుతుంది. కాబట్టి నాలుగు బజ్‌లు ఉంటే నాలుగూ తీసి చూడండి, షాపువాళ్ళు ఏమీ అనుకోరు, అందరూ అలాగే చూస్తారు.

పాత డిస్కులు అమ్మే డబ్బా కూడా వెతకండి, ప్లే ఇట్ ఎగైన్ స్పోర్ట్స్ లాంటి షాపుల్లో సగం ధరకే దొరుకుతాయి. కొంచెం అరిగిన ఖరీదు ప్లాస్టిక్ బజ్ దొరికిందంటే అది కొత్తదానికంటే మేలు, పదును తగ్గి తిన్నగా పోతుంది. అడుగున ఎవరిదైనా ఫోన్ నంబర్ ఉంటే మాత్రం ఒకసారి ఆ మనిషికి మెసేజ్ పెట్టండి, పోగొట్టుకున్నదేమో. ఈ ఆటలో అది మర్యాద.

డ్రైవర్, మిడ్‌రేంజ్, పట్టర్ కలిపి సెట్‌గా కూడా అమ్ముతారు, ఇన్నోవా సెట్‌లో లెపర్డ్, షార్క్, ఏవియార్ ఉంటాయి, డబ్బు తక్కువ ఉంటే అదీ తప్పు కాదు, అందులో షార్కే మిడ్‌రేంజ్, 4, 4, 0, 2.

స్టెప్ 8: గ్రౌండ్‌లో పరీక్ష

కొన్నాక నేరుగా కోర్సుకి పోకండి. ఫుట్‌బాల్ గ్రౌండ్ లాంటి చోటికి వెళ్ళి ఇలా చెయ్యండి, గంట పడుతుంది.

ముందు గాలి లేనప్పుడు మనిషి ఎత్తులో, చదునుగా, మీ బలంలో ముప్పావు వంతుతో పది విసుర్లు. మంచి న్యూట్రల్ మిడ్‌రేంజ్ చాలా దూరం తిన్నగా పోయి చివర్లో కొంచెం ఎడమకి దిగాలి. పదీ పైకి లేచి, గాల్లో ఆగినట్టై, ఎడమకి జారిపోతున్నాయంటే డిస్క్‌ని మార్చకండి, మీరు ముక్కు పైకెత్తి విసురుతున్నారు. చెంబుతో నీళ్ళు ఒంపేటప్పుడు మణికట్టు ఎలా కిందికి వంగుతుందో అలా వంచి విసరండి, ఒక్కసారిగా తేడా కనబడుతుంది. వణుకుతూ పోతోందంటే వదిలేటప్పుడు చెయ్యి తిన్నగా లేదు, బలం తగ్గించి చూడండి.

తర్వాత బయటి అంచు, అంటే ఒంటికి దూరంగా ఉండేది, కిందికి వంచి ఐదు విసరండి, దాన్నే హైజర్ అంటారు, వంపు తిరుగుతూ ఎడమకి రావాలి. బయటి అంచు పైకి ఎత్తి ఐదు, ఇది ఆన్‌హైజర్, కుడికి వెళ్ళి చాలాసేపు అటే ఉండాలి. ఆన్‌హైజర్ పెట్టినా వెంటనే లేచి ఎడమకి వచ్చేస్తుంటే ఆ డిస్క్ మీ చేతికి ఇప్పటికి ఓవర్‌స్టేబుల్. చదునుగా విసిరినా కుడికి ఒరిగి తిరిగి రాకుండా నేలకి దిగుతుంటే అండర్‌స్టేబుల్. మూడు కోణాల్లోనూ మీరు పెట్టిన వంపుని పట్టుకుని పోతోందంటే దొరికినట్టే, ఇక వదలకండి.

చివరగా గాలి ఉన్న రోజు మళ్ళీ ఒకసారి రండి. ఎదురుగాలిలో ప్రతి డిస్కూ ఎక్కువ కుడికి తిరుగుతుంది, వెనకగాలిలో తొందరగా ఎడమకి పడుతుంది. ఎంత గాలికి ఎంత మారుతుందో చూసుకోండి, అది ఎవరూ చెప్పలేరు, మీ చేతికి మీరే నేర్చుకోవాలి. ఫోర్‌హ్యాండ్ విసిరేవాళ్ళు అది కూడా పరీక్షించండి, ఫోర్‌హ్యాండ్‌లో వణుకు ఎక్కువ వస్తుంది కాబట్టి వాళ్ళకి కొంచెం ఓవర్‌స్టేబుల్‌ది నప్పుతుంది.

స్టెప్ 9: ఆ ఒక్కదాంతోనే ఆడండి

కోర్సులో టీ నుంచి మొదలుపెట్టి బాస్కెట్‌లో వేసేదాకా మొత్తం అదే డిస్క్. పట్, అంటే దగ్గర నుంచి బాస్కెట్‌లోకి వేసే విసురు, కూడా దాంతోనే. మొదటి రౌండ్ కష్టంగా ఉంటుంది, నాలుగో రౌండ్‌కి ఆశ్చర్యపోతారు, ఎందుకంటే ప్రతి దూరానికీ అదే డిస్క్‌తో బలం తగ్గించడం, వంపు మార్చడం నేర్చుకుంటారు. మా చిన్న చెట్ల కోర్సుల్లో చాలా హోల్స్ 200, 250 అడుగులే, డ్రైవర్ అవసరమే రాదు. ఒక్క హెక్స్‌తో ఆడినప్పుడు నాకు వచ్చిన స్కోరు అప్పటిదాకా పది డిస్కులతో వచ్చినదానికంటే మూడు తక్కువ.

రెండో డిస్క్ ఎప్పుడు కొనాలంటే, మీ మిడ్‌రేంజ్ చెయ్యలేని పని మీకు కచ్చితంగా కనబడినప్పుడు. మామూలుగా అది గట్టి ఎదురుగాలి రోజు వస్తుంది, అప్పుడు డిస్క్‌క్రాఫ్ట్ జోన్ లాంటి ఓవర్‌స్టేబుల్‌ది ఒకటి చేర్చుకోండి, 4, 3, 0, 3. డ్రైవర్ ఆ తర్వాతే.

ఇంకొక్క పని మర్చిపోకండి. మైదానానికి తీసుకెళ్ళేముందే పర్మనెంట్ మార్కర్‌తో డిస్క్ అడుగున మీ పేరు, ఫోన్ నంబర్ రాయండి, ఎక్కువ డిస్కులు నీళ్ళలో మునిగిపోతాయి, ఆకుల కింద దూరిపోతాయి. రాసి ఐదు నిమిషాలు ఆరనివ్వండి, లేదంటే వేళ్ళకి అంటుకుంటుంది. నాది రెండుసార్లు పోయింది, రెండుసార్లూ ఎవరో తెలియనివాళ్ళు ఫోన్ చేసి తిరిగి ఇచ్చారు.